చిల్లు లేని తుపాకీ

పురజనులకు సంతోషంతో తెలియజేయడమేమనగా, తుపాకీగారి ఇంట్లో ఉన్న తుపాకీ అసలుసిసలైనదేనని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం అయిపోయింది కనుక ఇక పరీక్ష చేయించడం ఒక్కటే మిగిలింది.

తుపాకీగారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, దాన్ని కరెంటు బిల్లు తప్ప ఎవరూ వాడరు. వెనకటికి ఒక దండనాయకుడు పన్నుల పేరుతో ఊరిని పీల్చి పిప్పి చేస్తుంటే, ఆయన ముత్తాత ఒంటరిగా ఎదురు నిలిచి, ఒకే ఒక్క తూటా పేల్చి, వాణ్ణి దండుతో సహా పొలిమేర దాటించాడు. ఆ తూటా దండనాయకుడి టోపీని ఎగరగొట్టిందని కొందరు, చెవి పక్కనుంచి పోయిందని కొందరు అంటారు. ఎటు పోయినా ఊరికి బాగా కలిసొచ్చింది. ఒకే తూటా కూడలి వెలిసింది. ఒకే తూటా మందుల షాపు వెలిసింది. ఒకే తూటా డ్రైవింగ్ స్కూలు కూడా ఉంది, అందులో ఒకేసారికి పాసైనవాడు ఇంతవరకూ లేడు. కూడలిలో ముత్తాత విగ్రహం మోకాలి మీద కూర్చుని కాలుస్తూ ఉంటుంది. గొట్టం చివర పొగ కూడా సిమెంటుతోనే పోశారు.

ముత్తాత అంత పని చేసి పోయాక మునిమనవడికి చేయడానికి ఇంకేం మిగులుతుంది? తుపాకీగారు నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగి. అంతటి వంశం వాడికి పైపులు చూడమని ఎలా చెప్తామని అధికారులు ఆయనకు ఏ పనీ చెప్పరు. ఏ సభ జరిగినా ముందు వరుసలో ఒక కుర్చీ ఆయనది. మాట్లాడమని ఎవరూ అడగరు, కూర్చుంటే చాలు. ఆ కుర్చీలో కూర్చోవడమే ఆయన జీవితంలో సాధించిన ఘనకార్యం, అందులో ఆయనకు మంచి అనుభవం కూడా వచ్చింది.

ఇప్పుడు తుపాకీ కోసం స్మారక మందిరం కట్టారు. నిధులిచ్చిన పై ఆఫీసువాళ్ళు మాత్రం నిపుణుల సర్టిఫికెట్ లేనిదే తలుపులు తెరవడానికి వీల్లేదని పేచీ పెట్టారు. అందుచేత పాత ఆయుధాలు పరీక్షించే ఆవిడ ఒకరు సంచి పట్టుకుని దిగారు. తెల్లటి తొడుగులు చేతులకు వేసుకుని, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, తుపాకీని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు.

"ఇంతలా మెరుస్తోందేంటండీ?" అన్నారు, కళ్ళు చికిలించి.

"చుట్టాలొస్తే చాలండీ, మా ఆవిడ గిన్నెల పౌడరు వేసి మరీ తోముతుంది" అన్నారు తుపాకీగారు గర్వంగా.

పరీక్షకురాలు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక ఓపిగ్గా చెప్పారు. ఇత్తడి మీద పట్టిన నలుపు మురికి కాదు, దాని వయసుకు సాక్ష్యం. తోమితే సాక్ష్యం కాలవలో కలుస్తుంది. చేసినవాడి ముద్ర అలాగే పోయింది. వంటనూనె రాయకూడదు, గోడ చెమ్మ తగలకూడదు, చేతి చెమటలో ఉండే ఉప్పు ఇనుమును తినేస్తుంది గనుక వట్టి చేతులతో అసలు ముట్టుకోకూడదు. తుపాకీగారు భక్తితో తలూపుతూ, బొటనవేలితో గొట్టాన్ని నిమురుతూనే అంతా విన్నారు.

ఆవిడ సన్నటి తీగ చివర చిన్న దీపం కట్టి గొట్టంలోకి దించారు. చాలాసేపు చూశారు. చూసేకొద్దీ ఆవిడ మొహం వెలిగింది.

"అసలైనదేనండీ. కాలం సరిపోయింది, ఇనుము సరిపోయింది, కర్ర సరిపోయింది. లోపలికి మీ ఆవిడ చెయ్యి దూరలేదు కాబట్టి అక్కడ అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కాకపోతే, ఇది పేల్లేదు."

"ఈ మధ్య మేం పేల్చట్లేదు లెండి."

"ఎప్పుడూ పేల్లేదండీ. పేలదు కూడా. ఇదిగో, ఈ చెకుముకిరాయి కొట్టుకుంటే రవ్వ పుట్టి ఈ పళ్ళెంలో మందు అంటుకోవాలి. ఆ మంట పక్కనున్న సన్నటి చిల్లులోంచి గొట్టంలోకి పోవాలి. దీనికి ఆ చిల్లే వెయ్యలేదు. కవాతుల్లో భుజాన పెట్టుకోడానికి చేసినవి ఇలా ఉంటాయి. చాలా అరుదు. నా సర్వీసులో ఇదే చూడ్డం!"

ఆవిడ సంబరంగా నవ్వారు. తుపాకీగారు కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నారు.

అసలైనదేనని సర్టిఫికెట్ రాసిచ్చి ఆవిడ వెళ్ళాక ఆయన అన్నం ముట్టలేదు. భార్య కంచం ముందుకు జరిపి, ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, చిల్లు లేదన్న సంగతి మీ ముత్తాతగారికి తెలిసే ఉంటుందా?"

"చేతిలో పట్టుకున్నవాడికి తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి తెలిసే వెళ్ళి అంత దండు ముందు నిలబడ్డాడా? ఒక్కడే?"

తుపాకీగారు కంచం మీంచి తలెత్తి ఆమె వైపు చూశారు.

"పేలే తుపాకీ ఉంటే ఎవడైనా నిలబడతాడండీ. ఇంత గొప్పాయన్ని పట్టుకుని ఇన్నాళ్ళూ ఊరికే తూటా, తూటా అని వాగాం" అందామె. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తుపాకీగారికి ఒళ్ళు గగుర్పొడిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయనకు తుపాకీ వెనక ఒక మనిషి కనిపించాడు. కాళ్ళు వణుకుతున్నా ఉత్త ఇనుపగొట్టాన్ని గురిపెట్టి కదలకుండా నిలబడ్డ మనిషి. సిమెంటు పొగ కంటే ఆ మనిషి ఎంతో బాగున్నాడు. తెల్లారి వెళ్ళి ఈ సంగతి అందరికీ చెప్పాలని ఆయన గట్టిగా నిశ్చయించుకున్నారు.

తెల్లారి వెళ్ళారు కూడా. పురపాలక సంఘం అధ్యక్షులవారు పూర్తిగా విన్నారు. విని అత్యవసర సమావేశం పిలిచి, లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"సోదరసోదరీమణులారా! చరిత్రలో ఒక చిన్న పని పెండింగు ఉండిపోయింది. పూర్వీకులు శత్రువును తరిమే హడావిడిలో ఉండి, చిల్లు వేసుకునే తీరిక లేక, ఆ బాధ్యతను మనకు వదిలి వెళ్ళారు. అది మన అదృష్టం! పెద్దలు సగంలో వదిలిన పని పూర్తి చెయ్యనివాడు వారసుడు ఎలా అవుతాడు?"

చప్పట్లు మోగాయి. తుపాకీగారు లేచి, "చిల్లు లేకుండానే తరిమాడంటే ఇంకా..." అని మొదలుపెట్టారు.

"జనం నవ్వుతారండీ" అన్నారు అధ్యక్షులవారు, మెత్తగా. "విగ్రహానికున్న పొగను ఏం చెయ్యమంటారు? డ్రైవింగ్ స్కూలు బోర్డు ఏమని మార్చమంటారు? బలవంతమేం లేదు లెండి. తుపాకీ మీది, మీ ఇష్టం. కుర్చీ మాది."

తుపాకీగారు తన కుర్చీ వైపు చూసుకున్నారు. రాత్రి నిశ్చయించుకున్న మాటలు గొంతు దాకా వచ్చి, అక్కడి వాతావరణం చూసి వెనక్కి వెళ్ళిపోయాయి.

"చిన్న చిల్లే కదా" అన్నారు.

అలా పునరుద్ధరణ ఉపసంఘం ఏర్పడింది. ఉపసంఘం వారు గోడలకు చిల్లులు వేసే మిషనువాణ్ణి పిలిపించారు. అతను తుపాకీని అటూ ఇటూ తిప్పి, "ఏ సైజు స్క్రూ పెడతారండీ?" అని అడిగాడు. స్క్రూ ఏమీ పెట్టడం లేదని చెబితే అలాంటప్పుడు చిల్లు దేనికని అతనికి కొంత అనుమానం వచ్చింది గాని, మన ఊళ్ళో అలాంటి అనుమానాలు ఎక్కువసేపు నిలవవు. మిషను గుర్రుమంది. కొత్త చిల్లు తళతళలాడుతోందని దానికి కొవ్వొత్తి మసి పూశారు. ఇన్నాళ్ళూ మెరిసేలా తోమిన ఇల్లాలినే, పాతబడినట్టు కనిపించేలా ఏదైనా రాయమ్మా అని బతిమాలారు. ఆమె గిన్నెల పౌడరు డబ్బా మూతపెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మందిరం వైభవంగా తెరుచుకుంది. అద్దాల పెట్టెలో తుపాకీ, చిల్లు మీద ప్రత్యేకంగా ఒక దీపం, కింద "అసలైనది" అని ఇత్తడి పలక. ముందు వరుసలో కుర్చీ, కుర్చీలో తుపాకీగారు. అద్దానికి ఒక పెద్దాయన ముక్కు ఆనించి, "ఇంకా మందు వాసన పోలేదు సుమండీ" అన్నాడు. వెనకున్నవాళ్ళందరికీ కూడా వాసన వచ్చింది. అది మిషను నూనె అని తెలిసినవాళ్ళకు మరింత గాఢంగా వచ్చింది.

పరీక్షకురాలు కూడా వచ్చారు. మూత తీయించి, తొడుగులు వేసుకుని, వంగి చిల్లును ఒకసారి చూశారు. తొడుగులు తీసేసి, మడిచి, సంచిలో పెట్టేసుకున్నారు.

"ఇక వట్టి చేతులతో ముట్టుకున్నా ఫర్వాలేదండీ" అని తుపాకీగారితో చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ఎంత నిగర్వి అని జనం మెచ్చుకున్నారు.

తుపాకీగారికి మాత్రం ముట్టుకోవాలనిపించలేదు. ఆ రాత్రి కనిపించిన మనిషి మళ్ళీ కనిపిస్తాడేమోనని అద్దంలోకి చూశారు. ముందు వరుసలో కూర్చున్న ఆయన మొహమే అందులో కనిపించింది.

ఆయన భార్య అందరితోపాటు వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక పెట్టె ముందు ఆగింది. "ఆయన చిల్లు లేకుండానే తరిమాడు" అంది, అందరికీ వినపడేలా. "భయంగా ఉన్నా కూడా నిలబడ్డాడు."

వెనకనుంచి ఎవరో, "కాస్త ముందుకు నడవమ్మా, లైను ఆగిపోతోంది" అన్నారు.

ఆ మాట అన్నదెవరని ఆమె వెనక్కి తిరిగి చూసింది. మనమంతా చిల్లు వైపు చూస్తూ నిలబడ్డాం.