నొప్పి ఉండదు

డిసెంబరు ఆరో తేదీ ఉదయం వేయించిన వేరుశనగలు తిన్నాడు బావ. వాటిలో ఒక రాయి ఉంది.

ఆ సాయంత్రమే కాలేజీ హాల్లో వాళ్ళ రాక్ బ్యాండు మొదటి ప్రదర్శన. పాడేది బావ, డ్రమ్స్ వాయించేది మరదలు, గిటార్లు ఇద్దరు స్నేహితులవి. పేరింకా కుదరలేదు. మరదలి తండ్రి పళ్ళ డాక్టరు. ఆసుపత్రి పైగదిలోనే వాళ్ళ సాధన. భార్య పోయాక ఆయన మూసేసిన ఆ గది, డ్రమ్స్ వచ్చాకే తెరుచుకుంది. "ఎవరూ వినని మోతకి గదెందుకమ్మా? ఇవాళ జనం మెచ్చకపోతే సోమవారం అక్కడ రోగులకి రెండో కుర్చీ వేయించేస్తా" అన్నాడాయన.

పన్ను విరిగిన సంగతి బావ సాయంత్రం దాకా దాచాడు. ఓర్చుకోలేక చివరికి మేనమామ ముందు నోరు తెరిచాడు. ఆయన మత్తు సూది వేశాడు. మేనల్లుడు పాడాలి కదా, నొప్పి ఆనవాలు కూడా ఉండకూడదని ప్రేమకొద్దీ ఇంకోటి వేశాడు. దాంతో పెదవీ నాలుకా కూడా పడుకున్నాయి. హాలు వెనక బావ పాట అందుకుంటే, కన్నతల్లే "ఏ భాషరా ఇది?" అని అడిగింది.

ఆ తల్లి, అంటే డాక్టరుగారి అక్క, ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో రోగుల్ని పేర్లు పెట్టి పిలిచే మనిషి. ఆవిడ గొంతు వీధి చివరికి వినబడుతుంది. అందుకని ప్రదర్శన లేదని చెప్పే పని ఆవిడకే పడింది.

మైకు ముందు నిలబడితే ఎదురుగా వరసలు వరసలుగా ఎదురుచూసే ముఖాలు. చెప్పాల్సింది మరిచిపోయి, అలవాటైన మాట అనేసింది: "కంగారు పడకండి. ఒక్కొక్కరే రండి." వెనక మేనకోడలి చేతిలోంచి పుల్ల జారి డ్రమ్ము మీద పడింది. ఆసుపత్రిలోలాగే లోపలి గదిలో రోగి ఎవరో ఉలిక్కిపడ్డారనుకుని, "నొప్పి ఉండదు" అందావిడ మెత్తగా. హాలు నవ్వింది. మరదలు ఈసారి కావాలనే కొట్టింది. "నొప్పి ఉండదు." మూడోసారి హాలంతా ఆవిడతో కలిసి అంది. గిటార్లు అందుకున్నాయి. "నోరు తెరవండి, ఇంకా తెరవండి" అంటే అందరూ తెరిచారు.

చివరి వరసలో డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తన భార్య ఆఖరి రోజుల్లో, ఆ పైగదిలోనే, అక్క ఆమె చేయి పట్టుకుని అన్న మాటే ఆ 'నొప్పి ఉండదు'.

బ్యాండు పేరేమని నిర్వాహకుడు అడిగేసరికి హాలే అరిచి చెప్పింది.

ఇంటికొచ్చాక కూతురు భయపడుతూనే అడిగింది. "కుర్చీ సంగతేంటి నాన్నా?"

"వేద్దాం. నేను కూర్చుని వినాలిగా."

అప్పటికి బావకి నాలుక కాస్త తిరిగింది. "మరి నా పాట?" అన్నాడు తల్లితో.

"వరసలో కూర్చో నాన్నా. నీ వంతు వచ్చినప్పుడు పిలుస్తాను."

డాక్టరు పైగది దీపం ఆర్పి, గొళ్ళెం జోలికి పోకుండా, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.