ఇంటిల్లిపాదికీ సరిపోయే వ్యాన్

సెలవులకు వెళ్ళడం శుద్ధ దండగ! వెళ్ళడానికి ఏ బండి కొనాలా అని ఆలోచిస్తూ కూర్చోవడంలో ఉన్న సుఖం వెళ్ళడంలో లేదని ఎవరి ముందైనా వాదిస్తాను. సరస్సు ఒడ్డుకు వెళ్ళినవాడు వారం తిరిగేసరికి ఒళ్ళంతా దోమకాట్లతో ఇంటికొస్తాడు. బండి ఎంచుకునేవాడికి ఆ బాధ లేదు. వాడి సెలవులు ఏళ్ళ తరబడి సాగుతాయి.

నమ్మరా? అయితే మా ఎదురింటి డ్వేన్ హోల్టర్‌మన్ సంగతి వినండి. దక్షిణ మిన్నెసోటాలో, చుట్టూ మొక్కజొన్న తప్ప మరేమీ కనిపించని మా ఊళ్ళో మందుల షాపు అతనిదే. సీసా మీద చీమ తలకాయంత అక్షరాలను కూడా కళ్ళజోడు లేకుండా చదవగల మనిషి. భార్య మార్నీ బడి బస్సు నడుపుతుంది. పదహారేళ్ళ కూతురు బ్రిట్టా, పదేళ్ళ కవలలు సోరెన్, అండర్స్, మార్నీ తల్లి ఆర్డిస్. వెరసి ఆరుగురు.

కిందటి ఏడు ఏప్రిల్లో మార్నీ ఒక మడత ట్రెయిలర్ కొంది. పైకప్పు ఎత్తి అటూ ఇటూ లాగితే గుడారంలా విచ్చుకునే రకం. ఆరుగురు పడుకోవచ్చు. వచ్చే ఏడాదికి బ్రిట్టా చేతిలో కారు తాళాలుంటాయి, వేసవంతా ఐస్‌క్రీమ్ కొట్టులో ఉద్యోగముంటుంది, అమ్మానాన్నల ముఖం చూసే ఓపిక ఉండదు. ఈలోగా ఒక్క వారం, ఒక్క గుడ్డ కప్పు కింద, ఆరుగురమూ కలిసి ఉండాలి. మార్నీ కోరిక ఇంతే. నగలు అడగలేదు, మేడ అడగలేదు.

"దీన్ని లాగాలంటే మన చిన్న కారు చాలదు. మినీవ్యాన్ కావాలి," అన్నాడు డ్వేన్.

"సరే, ఒకటి చూడు," అంది మార్నీ. ఆ మూడు మాటల వల్ల పద్నాలుగు నెలలు గడిచాయి.

తొందరపడి జాలిపడకండి! ఆ పద్నాలుగు నెలల్లో ఆ ఇంటికి కలిగిన మేలు ఎంతని చెప్పను? డ్వేన్ పేకాట మానేశాడు. టీవీ మానేశాడు. చివరికి మాట్లాడటం కూడా మానేసి, బరువుల లెక్కలో, పౌన్లలో మాత్రమే నోరు విప్పేవాడు. కవలలకు శాతాలూ దశాంశాలూ బడికంటే ముందే వచ్చేశాయి. ఒక వ్యాన్ మూడున్నర వేల పౌన్లు లాగుతుందట, కానీ గేర్‌బాక్సు నూనెను చల్లబరిచే డబ్బా విడిగా పెట్టించుకుంటేనేనట. ఇంకొకటి బ్యాటరీతో నడుస్తుంది, పెట్రోలు ఆదా, కానీ వెనక బొమ్మ బండి కట్టినా ఒప్పుకోదట. మూడోది అన్నీ లాగుతుంది గానీ, ట్రెయిలర్ ముందుభాగం ఇంత వెడల్పుకు మించితే గాలి తట్టుకోలేదట. ఇవన్నీ తెలియకుండా మనం ఇన్నాళ్ళూ ఎలా బతికామండీ?

మూడు జిల్లాల షోరూముల్లో అతను అందరికీ చుట్టమైపోయాడు. ఒక సేల్స్‌మన్ డ్వేన్‌కు పుట్టినరోజు కార్డు పంపాడు. మరొకాయన ఈ బేరం తేలకుండానే రిటైరైపోయి, వీడ్కోలు కేకు తినడానికి డ్వేన్‌ను పిలిచాడు. కంప్యూటర్లో ఇలాంటి వాళ్ళంతా చేరి వాదులాడుకునే చోట, అరిజోనా ఎడారిలో ఉన్న ఎవరో పెద్దమనిషితో ట్రెయిలర్ మూతి బండి కొక్కెం మీద ఎంత బరువు మోపాలన్న విషయం మీద నాలుగు వారాలు దెబ్బలాడాడు. ఆయన నిజంగా ఉన్నాడో లేడో కూడా తెలియదు. శత్రుత్వం మాత్రం నిజం.

ఫిబ్రవరిలో చర్చిలో ఒక పెద్దాయన అంత్యక్రియలయ్యాక అందరం నేలమాళిగలో కాఫీ తాగుతున్నాం. డ్వేన్ కనిపించలేదు. బయటికొచ్చి చూస్తే, పోయినాయన వ్యాన్ కింద మంచులో వెల్లకిలా పడుకుని ట్రెయిలర్ తగిలించే కొక్కెం ఎక్కడ బిగించారో టార్చితో వెతుకుతున్నాడు. ఆ విధవరాలు ఏమీ అనలేదు. మా వైపు ఎవరూ ఏమీ అనరు. "అది కూడా మంచి బండేలే" అంటారు, అంతే. పద్నాలుగు నెలలపాటు డ్వేన్ ఏ వ్యాన్ పేరు చెప్పినా ఊరంతా ఆ ముక్కే అంది. నేనూ అన్నాను.

ఈలోగా ట్రెయిలర్ గరాజులో వెచ్చగా పడుకుంది. కారు బయట మంచులో పడుకుంది. మార్నీ మొదటి వేసవికి సరస్సు ఒడ్డున ట్రెయిలర్ నిలుపుకోవడానికి పెట్టుకున్న చోటు రద్దు చేసుకుంది. రెండో వేసవికి, నాలుగు గంటల ప్రయాణం దూరంలో, సరిగ్గా నీళ్ళ అంచున ఉన్న చోటు దొరికింది. అలాంటి చోట్లు నాలుగు నెలల ముందు, బుకింగు తెరిచిన నిమిషంలోనే ఎగిరిపోతాయి. మార్నీ బస్సు షెడ్డులో నిలబడి ఫోను మీద వేలు పెట్టుకుని సంపాదించింది.

"జూన్ పదిహేను. బండి ఉన్నా వెళ్తున్నాం, లేకపోయినా వెళ్తున్నాం. లేకపోతే బడి బస్సుకి కట్టి లాక్కెళ్తా," అంది.

"అలా తొందరపెడితే ఎలా మార్నీ? ఇంకా రెండు మోడళ్ళు చూడాలి..."

"చూడు. పదిహేను దాకా చూడు."

చివరికి కొన్నాడు. బూడిద రంగు, ఏడుగురు కూర్చునే వ్యాన్, చల్లబరిచే డబ్బాతో సహా. పాత కారు మార్పిడిలో ఇచ్చేశాడు. ఆ వ్యాన్ బ్రోచరు నేను చూశాను. ఎంత చక్కని బొమ్మ! వ్యాన్‌లో ఏడుగురు నవ్వుతున్నారు, పైన పడవ, వెనక సైకిళ్ళు, ఆ వెనక ట్రెయిలర్, ట్రెయిలర్ వెనక పర్వతాలు. మూడున్నర వేల పౌన్లు అని ఇంత లావు అంకె. అంకె పక్కన చిన్న చుక్క. అందరి మందు సీసాలూ చదివే డ్వేన్‌కు ఆ చుక్క కంటికి ఆనలేదు. ప్రేమలో పడ్డవాడికి చుక్కలు కనిపిస్తాయా!

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, బండితో ఇచ్చిన పుస్తకం మూడు వందల పన్నెండో పేజీలో ఆ చుక్క ఏమిటో బయటపడింది. లావు అంకె, బండిలో ఇద్దరే ఉన్నప్పుడట! మూడో మనిషి ఎక్కితే కొంత తగ్గుతుంది, నాలుగో మనిషికి ఇంకొంత. ఆరుగురి దగ్గరికి వచ్చేసరికి, మనుషులూ సామానూ బండీ ట్రెయిలరూ అన్నీ కలిపి ఇంతకు మించరాదని గీత గీశారు. ఏడుగురి వరసలో అంకె లేదు, అడ్డగీత ఉంది.

డ్వేన్ బెదరలేదు. కూడితే సరిపోతుందన్నాడు. కానీ కూడాలంటే ఇంట్లో వాళ్ళ బరువులు కావాలి. అత్తగారిని "అత్తయ్యా, మీరెంత బరువు?" అని అడిగే అల్లుడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. భార్యను అడగడం అంతకంటే కష్టం. అందుకని ప్రభుత్వాన్ని అడిగాడు. అంటే, సంచుల్లోంచి పెద్దవాళ్ళందరి డ్రైవింగ్ లైసెన్సులూ తీసి చూశాడు. మా రాష్ట్రంలో లైసెన్సు మీద బరువు రాస్తారు. మనం చెప్పిందే రాస్తారు. మళ్ళీ ఎవరూ అడగరు. ఆర్డిస్ బరువు ఆమె పెళ్ళినాటిది. మార్నీది బ్రిట్టా పుట్టకముందుది. డ్వేన్‌ది పదహారేళ్ళప్పటిది: నూట యాభై ఐదు పౌన్లు. ఇంతటి యువకుల కుటుంబం ఏ బండికి భారమవుతుంది? గీతకు నలభై పౌన్ల లోపలే తేలారు!

పదిహేనో తారీఖు పొద్దున్నే బయల్దేరారు. ఊరు దాటేముందు, మనసు నిమ్మళం కోసం, ధాన్యం గోదాము దగ్గర లారీల కాటా మీదికి బండినెక్కించాడు డ్వేన్. అక్కడ కాటా చూసే ముసలాయన లైల్. మొక్కజొన్న లారీల డ్రైవర్ల కోసం గోదాము గోడకు లౌడ్‌స్పీకరు ఉంటుంది. లైల్ ఏ అంకె చెప్పినా ఊరి చివర దాకా వినిపిస్తుంది.

డ్వేన్ కిటికీలోంచి గీత ఎంతో చెప్పాడు. లౌడ్‌స్పీకరు గొంతు సవరించుకుంది.

"నాలుగు వందల ఎనభై ఎక్కువున్నావు డ్వేన్!"

వెనక ఆగిన రెండు లారీల డ్రైవర్లు మర్యాదగా ఆకాశం వైపు చూశారు.

"మీ కాటా తప్పేమో లైల్ గారూ!"

"ఉండొచ్చు. ఈ జిల్లా మొక్కజొన్నంతా దీనిమీదే తూస్తాం మరి."

దింపుడు మొదలైంది. ట్రెయిలర్ తొట్టిలో నీళ్ళు వదిలేశారు, నూట అరవై తగ్గింది. సైకిళ్ళు దిగాయి. కట్టెలు దిగాయి. ఆర్డిస్ ఇనప మూకుడు దిగింది, రబర్బ్ అనే పుల్లటి కాడలతో ఆమె మూడు రోజులు కాల్చిన తీపి బిళ్ళల డబ్బాతో సహా. గోదాము గోడ పక్కన చిన్న సంత వెలిసింది.

"ఇంకా నూట ఎనభై ఎక్కువ!" అంది లౌడ్‌స్పీకరు.

దింపడానికి ఇంక ఏమీ లేదు. మనుషులే మిగిలారు.

మా వైపు ఒక పద్ధతుంది. ఎవరైనా తాము తప్పుకుంటామంటే, మిగతావాళ్ళు "అయ్యో, అదేం మాట" అని మూడుసార్లు అనాలి. మూడోసారికి వాళ్ళు "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి" అని ఉండిపోవాలి. దీనికి తిరుగులేదు.

"నేను దిగిపోతానమ్మా. నాకేం, ఇంటి దగ్గర టొమాటోలకి నీళ్ళు పోసుకోవాలి," అంది ఆర్డిస్, ఒడిలో ఈత బట్టల సంచి గట్టిగా పట్టుకుని.

"అయ్యో, అదేం మాట అత్తయ్యా!" అన్నాడు డ్వేన్. మూడుసార్లు అయింది.

"నేనుంటా! అమ్మమ్మని తీసుకెళ్ళండి. నాకేం బాధలేదు, నిజంగా!" అంది బ్రిట్టా. మాట పూర్తికాకముందే తలుపు మీద చెయ్యి వేసింది. రెండో చేతిలో ఫోను మెరుస్తోంది.

మార్నీ ఆ చెయ్యి చూసింది. పద్నాలుగు నెలలు ఎదురుచూసింది ఈ పిల్ల కోసం. ఇప్పుడు బరువు పేరు చెప్పి ఇదే దిగిపోబోతోంది! "నువ్వు కదిలావంటే చూడు," అంది. మూడుసార్లు కాదు, ఒక్కసారే.

"మేమిద్దరం దిగినా చాలదు నాన్నా. నూట నలభై ఆరే!" అన్నారు కవలలు, లెక్క వచ్చిన పిల్లలు కదా.

వెనక లారీవాడు హారను మోగించాడు. చిన్నగా, క్షమాపణ అడుగుతున్నట్టు. మార్నీ బండి దిగి డ్వేన్ వైపు తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. డ్వేన్ అందరి ముఖాలూ చూశాడు. కుటుంబ పెద్దగా తనూ ఒక మాట అనకపోతే బాగుండదనిపించింది.

"పోనీ, నేనే ఉండిపోతాలే," అన్నాడు.

"సరే," అంది మార్నీ.

మొదటిసారికే! మా జిల్లాలో ఇలాంటిది ఎన్నడూ జరగలేదు. ఆర్డిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లైల్ తల మీద టోపీ తీసేశాడు. లారీల వాళ్ళిద్దరూ ఈసారి నేల వైపు చూశారు.

"అంటే... నేనేదో..." అన్నాడు డ్వేన్.

"తెలుసు. దిగు."

దిగాడు. ఆమె తిరిగి ఎక్కి, అద్దాలు తన ఎత్తుకు సరిచేసుకుంది. అరవైమంది పిల్లల్ని మంచులో తిప్పే మనిషికి ఇదొక బండా! డ్వేన్ కాటా పక్కకు జరగగానే లౌడ్‌స్పీకరు మళ్ళీ పలికింది.

"పద్దెనిమిది తక్కువ! పోవచ్చు తల్లీ!"

అంటే డ్వేన్ నూట తొంభై ఎనిమిదని ఊరంతటికీ తెలిసిపోయింది. మార్నీ కిటికీ దించి, "ఆ ఇనప మూకుడు ఇలా ఇవ్వు, అది పడుతుంది," అంది. ఇచ్చాడు. వెళ్ళిపోయారు. మలుపు దాటాక ఆమె కళ్ళు తుడుచుకుందని ఆర్డిస్ తర్వాత చెప్పింది. ఆమెకు కావలసింది ఆరుగురు. దొరికింది ఐదుగురు. కోపం మొగుడి మీద కాదు, ఆ బొమ్మలో నవ్వుతున్న ఏడుగురి మీద.

డ్వేన్ సైకిళ్ళ పక్కన కట్టెల మీద కూర్చున్నాడు. లైల్ రబర్బ్ బిళ్ళ ఒకటి తీసుకుని పక్కన కూర్చున్నాడు.

"ప్రతి జూన్‌లోనూ నలుగురైదుగురు వస్తారయ్యా ఇలా," అన్నాడు. "ఎప్పుడూ ఒకరు మిగులుతారు."

"మరి ముందే చెప్పలేదేం? పోయిన శీతాకాలం ఈ వ్యాన్ గురించే మీతో గంట మాట్లాడాను!"

"నువ్వంత ముచ్చటపడుతుంటే ఏమంటాం? మంచి బండేలే అన్నాను. మంచిదే కదా!"

ఐదో రోజున, నా పనులు తీరాక, నా పాత కారులో డ్వేన్‌ను నేనే సరస్సు దగ్గర దింపి వచ్చాను, వారం చివర మళ్ళీ నేనే వెళ్ళి తెచ్చాను. గుడ్డ కప్పు కింద ఆరుగురూ కలిసి ఉన్నది రెండు రోజులు. పద్నాలుగు నెలల ఎంపికకు రెండు రోజులు తక్కువేం కాదు. ఎంచుకోవడమే సుఖమని నేను మొదటే అన్నానా లేదా? ఆ సుఖం ఎవరికన్నది మాత్రం అడగకండి. పుస్తకం మూడు వందల పన్నెండో పేజీ రాసినవాళ్ళు కూడా సుఖంగానే ఉండి ఉంటారు.

వాళ్ళు తిరిగొచ్చిన సోమవారం షోరూము నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. నేను వాళ్ళ వంటింట్లో కాఫీ తాగుతున్నాను. బండి ఎలా ఉంది, మీ కుటుంబానికి సరిపోయిందా, పదికి ఎన్ని మార్కులు వేస్తారు అని అడిగింది. మార్నీ ఎప్పటిలాగే మర్యాదగా, నెమ్మదిగా చెప్పింది.

"పదికి పది వేసుకోమ్మా. వ్యాన్‌లో లోపమేం లేదు. మా కుటుంబమే దానికి సరిపోలేదు."