గాజు పెట్టెలో చెయ్యి

ఇంజక్షనంటే భయపడే మనిషి ఇకపై మన గడ్డ మీద ఉండడని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నర్సుల ట్రైనింగు సగం ఫోన్లో, సగం చేతుల్తో. దాని పేరు బ్లెండెడ్ లెర్నింగ్. చేసిందే మళ్లీ మళ్లీ చేయించి, నిద్రలో లేపినా సూది సూటిగా దిగేలా తయారుచేస్తారట. ఎంత ముందుచూపో చూడండి. మా మేనకోడలు వెంటనే చేరిపోయింది. వాళ్లింట్లో ఇప్పుడు సంపాదించేవాళ్లెవరూ లేరు.

ఫోన్ సగం బ్రహ్మాండంగా నడిచింది. వీడియో ఎన్నిసార్లు చూసిందంటే, అందులో మేడమ్ దగ్గిన చోట ఇదీ దగ్గేది.

చేతుల సగానికి సర్కారు ఒక రబ్బరు చెయ్యి తెప్పించింది. నరాలు కూడా కనిపిస్తాయి. సెంటరు ఆఫీసరుగారు దాన్ని గాజు పెట్టెలో పెట్టి తాళం వేశారు. పిల్లకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు, దాన్నెప్పుడు తీస్తారండీ అని అడిగాను.

"తీస్తే గుచ్చుతారండీ. గుచ్చితే చిల్లు పడదూ? రేపు ఆడిట్లో ఎవరు సమాధానం చెప్పుకోవాలి?"

బాధ్యతంటే అదీ. అందుకని ప్రాక్టీసంతా గాల్లోనే. ఆయన గుచ్చమంటే హాలంతా గుచ్చేది, తియ్యమంటే తీసేది. గాలి ఒక్కనాడూ అబ్బా అనలేదు.

ముగింపు సభకి మంత్రిగారే వచ్చారు. ఫస్టొచ్చిన మా పిల్లని స్టేజీ మీదకి పిలిచి, కెమెరాల ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి, బలం ఇంజక్షను తనకే వెయ్యమన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. అది సూదిలోకి మందు ఎక్కిస్తుంటే ఆయన ముచ్చటపడిపోయారు.

"ఇప్పటిదాకా ఎంతమందికి వేశావమ్మా?"

"మీరే మొదలు సార్."

మంత్రిగారు చొక్కా చెయ్యి దించేసుకున్నారు. మొదటి హక్కు ప్రజలదనీ, నాయకుడు మధ్యలో దూరకూడదనీ మైకులో చెప్పారు. హాలు దద్దరిల్లింది. అక్కడికక్కడే దానికి పెద్దాసుపత్రిలో పోస్టింగిచ్చారు. పసిపిల్లల వార్డు.

సాయంత్రం ఆ ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంటే అది వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో సిరంజి ఉంది.

"మామయ్యా, రేపట్నుంచే డ్యూటీ. ఇది ఉత్త సెలైనే, ఏమీ కాదు. ఒక్కసారి నీ చెయ్యివ్వవా?"

"ఫస్టొచ్చిన పిల్లవి, నీకు భయమేంటే?" అన్నాను. "ఇంకోసారి వీడియో చూసుకో."