అలుమ్నస్‌కు బహువచనం

ఆదివారం పొద్దున రవీందర్‌కు ఉన్న పని ఒక్కటే. మేడ్చల్‌లో ఫ్లెక్సీ కొట్టించుకుని శామీర్‌పేట ఫంక్షన్ హాలుకు కట్టించాలి. ఆయన చదివిన బడి పూర్వ విద్యార్థుల సభ ఆ రోజే. సంఘానికి అధ్యక్షుడు కావాలని ఆయనకు మహా కోరిక. అందుకే దర్జాగా ఉంటుందని "అలుమ్నస్ సమ్మేళనం" అని రాయించి, అచ్చుకు ముందు ఫోటో ఇంటికి పంపాడు.

లా చదువుతున్న కూతురు ఆమని వెంటనే ఫోన్ చేసింది.

"నాయినా, అలుమ్నస్ అంటే ఒక్క మొగాయన. నువ్వొక్కనివే సభ పెట్టుకుంటున్నవా?"

"మరేం రాయాలె?"

"ఒక్క ఆడామె అయితే అలుమ్నా. అందరు ఆడోళ్లే అయితే అలుమ్నై. మొగోళ్లు, ఆడోళ్లు కలిస్తే అలుమ్నీ. లాటిన్ల గట్లనే మారుతది."

రవీందర్ తల తిరిగింది. "అలుమ్నా అని కొట్టు," అన్నాడు షాపతనితో.

ఫోన్‌లో భార్య యమున గొంతు వినిపించింది. "ఎవరా ఒక్కామె?"

"అయ్యో, తప్పయింది! అలుమ్నై కొట్టు!"

"అందరు ఆడోళ్లేనా!"

రవీందర్ చేతులెత్తేశాడు. "లాటినొద్దు బిడ్డా, పరేషాన్ అయితాంది. తెలుగుల దానర్థమేందో జల్దీ చెప్పు."

"తిండి పెట్టి పెంచుడు అనే క్రియ నుంచి పుట్టిన పాత విశేషణం నాయినా. అంటే తిండి పెట్టబడుతున్నోడు. బడి మనల్ని..."

యమున కోపంతో ఫోన్ కట్ చేసేసింది.

విన్న సగం అర్థంతోనే గంటలో హాలు ముందు ఫ్లెక్సీ లేచింది: "తిండి పెట్టబడువారి సమ్మేళనం. అందరికీ స్వాగతం."

కరీంనగర్ రోడ్డు మీద బస్సు ఆగింది. ఆటోలు ఆగాయి. జింకల పార్కుకు బయలుదేరిన కుటుంబాలు తోవ మార్చుకుని నేరుగా భోజనాల బంతిలో కూర్చున్నాయి. రవీందర్ అడ్డుపడబోతే ఒక పెద్దాయన విస్తరి ముందుకు జరుపుకుని, "బయట మా గురించే రాసి పెట్టిన్రు గద," అన్నాడు. అసలు పూర్వ విద్యార్థులు గోడ పక్కన నిలబడి ఖాళీ అవుతున్న గిన్నెలను చూస్తూ ఉండిపోయారు.

రిటైరైన హెడ్మాస్టరు గౌరయ్య సారుకు చూపు బాగా తగ్గింది. నిండిన హాలును చూసి మురిసిపోయి మైకు అందుకున్నాడు.

"ఇంతమంది నా పిల్లలే! అధ్యక్షుడు ఎవరు కావాలె?"

రవీందర్ కండువా సర్దుకుని ముందుకు నడిచాడు. సరిగ్గా అప్పుడే పర్వతాలు అనే వంటాయన బగారన్నం బేసిను ఎత్తుకుని వచ్చాడు.

"గీయనే!" అంది బంతి మొత్తం. చేతులన్నీ లేచాయి. ఆ బడి గడప కూడా తొక్కని పర్వతాలు మెడలో సారు దండ వేశాడు.

అప్పుడే వచ్చిన ఆమని నవ్వాపుకుంటూ, "ఏం జేస్తం నాయినా, పెట్టేటోడు ఆయననే గద," అంది.

లేచినవన్నీ ఎంగిలి చేతులేనన్న రవీందర్ అభ్యంతరాన్ని సభ ఏకగ్రీవంగా తోసిపుచ్చింది.