గొంగడి ఎలుగు

ముత్తయ్యకు షుగర్ వచ్చింది. వచ్చిన షుగర్ కన్నా, కరీంనగర్ డాక్టరు ఆ సంగతి అతని పెళ్లాం ముందర చెప్పడమే అసలు రోగమైంది.

ఆ రోజు నుంచి అనసూర్య చాయలో చక్కెర బంద్ చేసింది. బతుకమ్మ పండుగకు బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు వాడకట్టంతా తింటుంటే, ముత్తయ్య అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె నమిలాడు.

దేవుడి ఎగతాళి చూడండి, ఇంటి వెనుక మునగచెట్టు కింద ఆ మహాతల్లి పెంచుతున్నవి తేనెటీగలు! మహిళా సంఘం నుంచి తెచ్చుకున్న తేనెపెట్టెలను పసిపిల్లల్లా చూసుకునేది. మొగుడిని మాత్రం అటు తొంగి చూడనిచ్చేది కాదు.

వాళ్ల ఊరు మంథని దాటాక గుట్ట కిందనే. సీతాఫలాలు పండే కాలంలో ఎలుగుబంట్లు, అదే మన దిక్కు గుడ్డెలుగులు, గుట్ట దిగుతాయి. ఈసారీ దిగాయని ఎవరో అనగానే ముత్తయ్యకు ఒక ఆలోచన వచ్చింది. చదువుకున్నవాళ్లకు ఆలోచనలొస్తే ఉద్యోగాలొస్తాయి. ఏడో తరగతి దాటనివాళ్లకొస్తే తిట్లొస్తాయి.

పొద్దున్నే అనసూర్య పాలు పోయడానికి కేంద్రానికి వెళ్లింది. ఈగలు కుట్టకుండా ముత్తయ్య నెత్తి నుంచి కాళ్ల దాకా నల్ల గొంగడి కప్పుకున్నాడు. పెట్టె మీది రాయి దించి, మూత తీసి, తేనెపట్టు ముక్క కోసుకుని, మళ్లీ మూత పెట్టి, రాయి పెట్టి, మీసాలు నాక్కుంటూ వచ్చి పడుకున్నాడు.

"ఓ అయ్యా! పట్టు సగం లేదు!" పాలు పోసి వచ్చి పెట్టె తెరిచిన అనసూర్య కేక పెట్టింది.

"అయ్యో! గుడ్డెలుగు వచ్చినట్టున్నదే. నేను ముందుగాలనే అనుకున్న."

అనసూర్య రాయిని చూసింది. మొగుడిని చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనని రోజు ఎంత ప్రమాదమో, ఇన్నేళ్లు కాపురం చేసినా ముత్తయ్యకు తెలియదు.

ఆ 'ఎలుగు' రోజూ రావడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు పక్కింటి శంకరవ్వ సాక్ష్యం కూడా దొరికింది. గోడ మీద నుంచి చూసిందట.

"నా కండ్లతోటి చూసిన అనసూర్యా! నల్లగ, బొచ్చుబొచ్చుగ, రెండు కాళ్ల మీద నిలవడ్డది. తిన్నంక తేన్పింది గూడ!"

"ఎంత పొడుగున్నదవ్వా?"

"మీ ఆయనంత ఉంటది."

ముత్తయ్యకు పొలమారింది.

"ఇగ ఊకుంటే లాభం లేదయ్యా," అంది అనసూర్య. "కంచె గట్టాలె. నువ్వే గట్టాలె."

కట్టాడు. తుమ్మకంప ఈడ్చుకొచ్చాడు. తీగలు లాగి వాటికి ఖాళీ నూనె డబ్బాలు వేలాడదీశాడు. తనను తాను ఆపుకోవడానికి అంత చెమటోడ్చిన మగాడు మన జిల్లాలో ఇంకొకడు లేడు.

"జర దగ్గరికి గట్టు," అంది అనసూర్య.

"గింత దగ్గరికైతే ఎలుగు ఎట్ల దూరుతదే?"

"దూరొద్దనే గదయ్యా గట్టేది!"

అయినా మునగచెట్టు వెనుక తన పొట్టకు సరిపడా సందు ఉంచుకున్నాడు.

మరునాడు పొద్దున అనసూర్య పాలక్యాన్ తీసుకుని వెళ్లగానే గొంగడి కప్పుకుని సందులో దూరాడు. సందు నిన్నటి సందు కాదు. ఎవరో అక్కడా తీగ కట్టారు. గొంగడి ముళ్లకు పట్టుకుంది, డబ్బాలన్నీ ఒక్కసారిగా మోగాయి. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు.

అప్పుడే, పెరటి వెనుక కూలిపోయి ఉన్న గోడ అవతల, సీతాఫలం చెట్టు కింద, ఏదో గుర్రుమంది. నల్లగా, బొచ్చుబొచ్చుగా ఉంది. ముత్తయ్యను చూసి, చుట్టమేమో అన్నట్టు తల వంచింది.

"అనసూర్యా! గుడ్డెలుగు వచ్చిందే!"

పాలకు పోయిన మనిషి గొంతు వంటింట్లోంచి వచ్చింది. "రోజు వస్తున్నది గదయ్యా. కొత్తేమున్నది?"

"నీ కాళ్లు మొక్కుత! గిది అసలుది!"

"మరి నిన్నటిదాంక వచ్చిందేది?"

"నేనే! నేనే తిన్న! మల్ల ముట్ట, నీ మీద ఒట్టు!"

నవ్వుతూ బయటికొచ్చిన అనసూర్య గోడ వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. మరుక్షణం పళ్లెం, గరిట అందుకుని కంచె దగ్గరికి ఉరికింది. మొగుడికీ ఎలుగుకీ నడుమ నిలబడి పళ్లెం సొట్టపోయేలా వాయించింది, గుట్ట మారుమోగేలా అరిచింది. ఎలుగుబంటి వెనక్కి తిరిగి గుట్టెక్కేసింది.

అది కనుమరుగయ్యాకే ఆమె పళ్లెం కింద పెట్టింది.

"నీకెట్ల తెలిసిందే?" అన్నాడు ముత్తయ్య, ఇంకా ముళ్లలోనే ఉండి.

"గుడ్డెలుగు తిన్నంక మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి పోతదా? నువ్వే చెప్తవని చూసిన. తేనె పోతే మల్ల వస్తది. నువ్వు పోతే యాడికెల్లి తేవాలె నేను?"

ముత్తయ్య తల దించుకున్నాడు. షుగర్ వచ్చాక మొదటిసారి అతనికి తేనె మీద మనసు పోలేదు.

శంకరవ్వ ఫోన్ చేసినట్టుంది, అటవీశాఖ మనిషి బండి మీద వచ్చాడు.

"ఎన్ని ఎలుగులు వచ్చినయమ్మా?"

"రెండు సార్. ఒకటి గుట్టెక్కింది." మొగుడి గొంగడిలోంచి ముళ్లు ఒక్కొక్కటే ఏరుతూ అంది అనసూర్య. "గిది మాది. దీన్ని నేనే సాదుకుంట."