బెంచీలో కలిపిన సంగతి

సింగవరం పురపాలక సంఘం పరిధిలో జ్ఞాపకం కలపనిదే కాంక్రీటు గట్టిపడదు. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర, ఒక జ్ఞాపకం. కలిపినవాళ్ళకు అది మళ్ళీ గుర్తు రాదు. పొయ్యిలో పెట్టిన కట్టె పెరట్లో ఉండదు కదా, ఇదీ అంతే.

అప్పలసూరి మేస్త్రి నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ జ్ఞాపకాలతో వాళ్ళ ఇళ్ళే కట్టాడు, తనవి ముట్టుకోలేదు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. భార్య నూకాలు పెరట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది. మల్లెపందిరి పక్కన ఇద్దరికీ సరిపడా ఒక బెంచీ పోయాలనుకున్నాడు.

వార్డు ఆఫీసు గుమస్తా మెళ్ళో వేలాడే కార్డు చూసుకుని తన పేరు చెప్పి, ‘పెరటి పనులకు సులువు పద్ధతులు’ అనే కరపత్రం ఇచ్చాడు. పార అక్కర్లేదు. అన్నీ బరకం పట్టా మీద పోసి, చెరో అంచూ పట్టుకుని ఇటూ అటూ దొర్లిస్తే చాలు. పూలకుండీకి చెప్పులు పోయిన జ్ఞాపకం సరిపోతుంది. ఇద్దరు కూర్చునే బెంచీకి మాత్రం ఇద్దరే ఉన్న జ్ఞాపకం కావాలి. అనుమతి శుక్రవారం సాయంత్రం అయిదింటి వరకే.

అలాంటిది అప్పలసూరి దగ్గర ఒక్కటే ఉంది. అందుకని ముందు పెళ్ళి జ్ఞాపకం వేసి నమూనా దిమ్మ పోశాడు. మర్నాడు వేలితో పొడిస్తే రాలిపోయింది. పెళ్ళికి రెండొందల మంది వచ్చారు, వారిలో ఆ ఇద్దరూ ఎక్కడున్నదీ తేలలేదని గుమస్తా రాశాడు. ఆ సాయంత్రం అప్పలసూరి గోడ మీది ఫొటో చూపించి అదెవరి పెళ్ళని అడిగాడు. నూకాలు మనదే అంది. అతను సరేనన్నాడు.

శుక్రవారం మూడింటికి, తన దగ్గరున్న ఆ ఒక్క జ్ఞాపకం సంగతి భార్యతో చెప్పాడు. గోదాము పని దగ్గర బరకం రెండో అంచు పట్టుకోవడానికి ఎవరూ రాకపోతే, కూలికొచ్చిన నూకాలు వచ్చి పట్టుకున్న రోజు. అది వేసెయ్యమంటావా అని అడిగాడు.

"నానెప్పుడో ఏసీసినానయ్యా," అంది నూకాలు. "బట్టలుతికే బండలో. వార్డు ఆఫీసోళ్ళ కాయితంలో రాసుంది. నీ మోకాళ్ళు పోయిన ఏడు. అందుకే అదింకా పగల్నేదు."

అంటే ఆ రోజు లోకంలో ఇక అతని దగ్గరే ఉంది. నాలుగున్నర దాకా మొదట్నుంచీ చెప్పాడు. గట్టిగా పట్టుకో మేస్త్రీ, వదిలేస్తే నా మొహాన పడతాదని ఆ పిల్ల దబాయించడం, అతను నిజంగానే వదిలెయ్యడం, సిమెంటు దుమ్ముతో ఇద్దరూ తెల్లగా అయిపోవడం. నూకాలు పరాయివాళ్ళ కథ విన్నట్టు విని నవ్వింది.

"గడుసుది," అంది. "ఏసీయ్. నాకూ నడుం నొప్పే."

కన్నీళ్ళను నీళ్ళ లెక్కలో చేర్చాలని కరపత్రంలో ఉంది. అప్పలసూరి ఒక గ్లాసు తగ్గించి పోశాడు. బరకం చెరో అంచూ పట్టి దొర్లించారు. నూకాలు ఇప్పుడే విన్నదీ అందులోనే కలిసింది. పిడికిట పట్టి చూస్తే ముద్ద నిలిచింది, నీరు కారలేదు. అయిదుకు పది నిమిషాలుండగా అచ్చులో పోశారు.

వారం పాటు నీళ్ళు పట్టాక గుమస్తా వచ్చి సుత్తితో కొట్టి చూశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత గట్టి బెంచీ చూడలేదని ముద్ర వేశాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ చెరో కొసనా కూర్చున్నారు. బరకం అంచున సిమెంటు మాలు మిగిలినట్టు నూకాలు దగ్గర రవ్వంత మిగిలింది.

"ఎవరో సెప్పినారు," అంది. "ఎవరో మేస్త్రట, కూలిపిల్లట. బరకం పట్టుకున్నారట."

"తర్వాతేటైంది?"

"అడగనేదు."

ఇద్దరూ ఒకే ఇంట్లో ఎందుకుంటున్నదీ రేషన్ కార్డులో రాసే ఉంది కనుక, చీకటి పడుతుండగా లేచి లోపలికి వెళ్ళారు.