జడ్తి ఇవ్వని మేకపోతు

మల్సూర్‌కు దేవుడి మీద అనుమానం ఎన్నడూ లేదు. అనుమానమంతా నీళ్ల మీదే. మొక్కు చెల్లించే ముందు మేకపోతును అమ్మవారి ఎదుట నిలబెట్టి, వీపు మీద పసుపునీళ్లు పోసి, అది ఒళ్లు జలదరించి విదిలించేదాకా అందరూ ఊపిరి బిగపట్టి చూస్తారు. ఆ వణుకునే జడ్తి అంటారు. జడ్తి ఇస్తే అమ్మవారు సరేనన్నట్టు. ఇవ్వకపోతే కత్తి పైకి లేవకూడదు. 'ఆ వణుకు అమ్మవారిదా, చన్నీళ్లదా?' అన్న ప్రశ్న చిన్నప్పటి నుంచీ అతని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగనూ లేడు, కక్కనూ లేడు. ప్రతి మంగళవారం ఎల్లమ్మకు దీపం పెట్టే మనిషి అలాంటిది పైకి అడిగితే బాగుండదని ఊరుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దున మాత్రం అనుమానాలకు తీరిక లేదు. ఏళ్ల నాటి మొక్కు ఆ రోజు తీరాలి. సూర్యాపేట పక్కనే ఉన్న ఆ పల్లెలో చలికాలపు ఎండ ముదరకముందే గుడి దగ్గర జడ్తి, మధ్యాహ్నానికి భోజనాలు, సాయంత్రానికి కోదాడ నుంచి వచ్చిన వియ్యాలవారిని బస్సెక్కించడం. ఇంతే పని.

"ఇయ్యాల గిన తప్పిందనుకో, నేను మా తల్లిగారింటికి పోత," అంది భార్య లక్ష్మీనర్సమ్మ, పసుపు కలుపుతూ. "ఒక ఏడు బోరంటివి, ఒక ఏడు బిడ్డ పెండ్లంటివి, ఒక ఏడు ఇంటి స్లాబంటివి. అమ్మ ఎన్నొద్దులు సూస్తది? ఆమెకు మాత్రం ఓపిక పోదా?"

"పొద్దుగూకేలోపు బాకీ ఖతం. గిది నా మాట," అన్నాడు మల్సూర్ మీసం దువ్వుతూ. ఆ మీసం మీద ఒట్టేసినంత పని చేశాడు.

ఆ మొక్కు పుట్టిన సంగతి ఇది. ఒకప్పుడు మల్సూర్ మందలోనే ఓ పోతు వెనక నుంచి వచ్చి కుమ్మితే, తుంటి ఎముక విరిగి సూర్యాపేట దవాఖానలో పడ్డాడు. "మనిషి లేచి నడిస్తే మా మందల పుట్టిన పోతునే నీకిస్త తల్లీ," అని లక్ష్మీనర్సమ్మ మొక్కింది. మనిషి లేచి నడిచాడు. నడవగానే చేసిన మొదటి పని, కుమ్మిన పోతును హాలియా సంతలో అమ్మేయడం.

అప్పటి నుంచి అతనిది ఒకటే పట్టు. కొమ్ము విసిరే పిల్ల, చెయ్యి వేస్తే బెదిరే పిల్ల, తాడు చూస్తే ఎగిరే పిల్ల, ఏదైనా సరే సంతకే. దగ్గరికొచ్చి ఒళ్లో తల పెట్టే పిల్లే మందలో ఉండాలి, దాని కడుపే పండాలి. ఆ పిల్లల పిల్లల్లోనూ మళ్లీ అదే ఏరుడు. ఏళ్లు గడిచేసరికి మంద తీరే మారిపోయింది. అవి హైవే మీద పడుకుంటే లారీలు హారన్ కొట్టీ కొట్టీ పక్క నుంచి తప్పుకుపోయేవి. కుక్క మీదికొస్తే పారిపోకుండా దాని మూతి వాసన చూసేవి. కుక్కే సిగ్గుపడి వెళ్లిపోయేది. పుట్టే పిల్లలకు నొసట తెల్లమచ్చలు రాసాగాయి. అవి అమ్మవారు పెట్టిన బొట్లని మల్సూర్ మురిసిపోయాడు.

అమ్మవారికి ఇచ్చేది మేలైనది కావాలి కనుక, మందలోకెల్లా నెమ్మదైన పోతును మొక్కుకు ఉంచారు. మొక్కు జీవానికి పేరు పెట్టకూడదని పెట్టలేదు. లక్ష్మీనర్సమ్మ "ఓ అయ్యా" అని కేకేస్తే మొగుడూ పోతూ ఇద్దరూ తల తిప్పేవారు. ముందుగా వచ్చేది మాత్రం పోతు.

గుడి ముందు ఎల్లమ్మ పూజారి దుర్గయ్య జమిడిక మోగిస్తూ అమ్మవారి కథ పాడి, వేపమండతో నీళ్లు చల్లి, చెంబెడు పసుపునీళ్లు పోతు వీపు మీద పోశాడు. డప్పులు ఆగాయి. జనం మెడలు చాచారు. పోతు కళ్లు అరమోడ్చి, ఇంకొంచెం ఇటు పోయమన్నట్టు పక్కకు జరిగింది.

రెండో చెంబుకు దుర్గయ్య మోకాలి మీద గడ్డం ఆనించింది. బిందెడు పోసేసరికి పడుకుని నెమరు వేయసాగింది.

"చెవులల్ల పొయ్యిర్రి," అన్నారెవరో. పోస్తే చెవి ఆడించింది. జనమంతా "ఆఁ!" అన్నారు.

"చెవి లెక్కకు రాదు," అన్నాడు దుర్గయ్య ఖండితంగా. "ఒళ్లంత రావాలె."

"డప్పు దాని పక్కనే గట్టిగా కొట్టండ్రా!" అని సలహా ఇచ్చాడు కోదాడ వియ్యంకుడు సైదులు. గుడి గోడ మీది పావురాలన్నీ లేచిపోయేలా కొట్టారు. పోతు మెల్లగా లేచి, డప్పు కొడుతున్న ఆయన మెడలోని బంతిపూల దండను ఒక్కొక్క పువ్వే తినసాగింది.

మల్సూర్ పంచె ఎగ్గట్టాడు. "ఐస్ తెప్పియ్యిర్రి. సోడాల దుకాణంల ఎంతుంటే అంత." పెద్ద డ్రమ్ము నిండా నీళ్లు పోసి, అందులో ఐసుగడ్డలూ పసుపూ కలిపారు.

ఐసు కరిగేలోపు సైదులుకు మరో ఆలోచన వచ్చింది. "బావా, ఇంట్లో ఎవరో ఏదో తప్పు చేసుంటారు. లేకపోతే అమ్మవారు ఇంత మొండికెయ్యదు."

లక్ష్మీనర్సమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏం జేసినవయ్యా?"

"నేనేం జేసిన? పొద్దటి సంది నీ కండ్ల ముంగటనే ఉన్న గద!"

"పొద్దటి సంగతి గాదు. మొత్తం జెప్పు."

"మొక్కుకు ముందురోజు నీచు తగలకూడదు. నిన్న ఎవరన్నా గుడ్డు గానీ తిన్నారా?" అని సైదులు అందరినీ కలియజూశాడు. అతని కొడుకూ మల్సూర్ అల్లుడూ అయిన మహేశ్వర్ ఆకాశంలోకి చూడసాగాడు. అల్లుణ్ణి పంపు కింద కూర్చోబెట్టి తలమీద నీళ్లు పోశారు. ఒక్కడికే పోస్తే వాడొక్కడే పాపి అయినట్టుంటుందని, కూతురు ధనలక్ష్మి మొహం చిన్నబుచ్చుకుంది. దాంతో వరసైన వాళ్లంతా స్నానాలు చేశారు. కాసేపటికి గుడి చుట్టూ తడిబట్టల జనం పళ్లు కటకటలాడిస్తూ వణుకుతున్నారు. పోతు ఒక్కటే వణకలేదు.

మల్సూర్ పిలిస్తే భోజనానికి వచ్చిన పశువుల డాక్టరు మనస్విని ఇదంతా చూసి ఇక ఉండబట్టలేక లేచింది. మిర్యాలగూడ అమ్మాయి. అతని మందకు సూదులు వేసేది ఆమే.

"మల్సూర్ తాతా, అది వణకదు. ఎవరి తప్పూ లేదు. మీరే దాన్ని గట్ల జేసిండ్రు."

"నేనా?"

"భయపడేటియన్ని అమ్మేసిండ్రు, భయపడనియి ఉంచుకున్నరు. జీవానికి బెదురు పుడితే ఒంట్ల ఒక రసం ఊరుతది. గుండె దడ, రోమాలు లేసుడు, అన్నీ గా హడావుడిల భాగమే. తరం మీద తరం మీరు ఏరుకుంట వస్తే, మీ మందల ఆ బెదురే సన్నగిల్లింది. చలిదేశంల ఒక కాడ నక్కలను గిట్లనే నెమ్మదియి ఏరి పెంచిండ్రట. కుక్కపిల్లల లెక్క తోకలు ఊపినయట. కొన్నిటికి మచ్చలు గూడ వచ్చినయట."

"మచ్చలా?" మల్సూర్ చెయ్యి పోతు నొసటి మీదికి పోయింది. "అయితే గిది అమ్మ బొట్టు గాదా, డాక్టరమ్మా?"

"కాదని నేనెట్ల అంట? అమ్మ పెట్టదలుచుకుంటే ఏదో ఒక తొవ్వల పెట్టాలె గద."

ఆ జవాబు మల్సూర్‌కు నచ్చింది కానీ పని జరిపించలేదు. "మరి బెదిరేదాన్ని జూస్తే ఇది గూడ బెదురుతదా?"

"బెదిరే మేకలైతే ఒకదాన్ని జూసి ఒకటి బెదురుతయి. కానీ ఇది..."

సైదులు మొదటి సగమే విన్నాడు. "డాక్టరమ్మ ఇంకో పోతును తెమ్మంటుందిరా!" అని కేకేసి తానే పరుగెత్తాడు. గుడి వెనక మరో కుటుంబం మొక్కు కోసం దిగింది. వాళ్ల పోతును హాలియా సంతలో కొన్నారట. దాన్ని బతిమాలి తెచ్చి పక్కన నిలబెట్టాడు. ఇంకా చుక్క నీరు పడకముందే అది నిలువునా వణికిపోయింది.

"మా జడ్తి వచ్చింది!" అని ఆ కుటుంబం వాళ్లు ఎగిరి గంతేశారు.

"ఎట్లొస్తది? నీళ్లే పొయ్యలే!" అంది లక్ష్మీనర్సమ్మ. "అది మా వంతుల నిలబడ్డది. మా జడ్తి!"

"పోతు మాది, జడ్తి మీదా?"

ఆ గొడవకు హాలియా పోతు తాడు తెంపుకుంది. షామియానా కర్రను కుమ్మితే గుడ్డ వచ్చి సైదులు మీద పడింది. అతను గుడ్డలోనే నడిచి వెళ్లి వార్చిన అన్నం రాశిలో కూర్చున్నాడు. వంటాయన నూరిన మసాలా నేలపాలైంది. చివరికి అది తల దించి తిన్నగా మల్సూర్ మీదికే వచ్చింది. మల్సూర్ డ్రమ్ము వెనక్కి దూకి బోర్లా పడ్డాడు. పోతు డ్రమ్మును కుమ్మింది. ఐసునీళ్లన్నీ అతని వీపు మీద పడ్డాయి.

మల్సూర్ లేచి నిలబడ్డాడు. నడినెత్తి నుంచి కాలిగోటి దాకా ఒక్క వణుకు వణికి, జుట్టూ భుజాలూ విదిలించాడు.

డప్పు కొట్టే ఆయన చేతులు అలవాటు కొద్దీ జడ్తి దరువు వేసేశాయి.

"జడ్తి!" అని ఎవరో అరిచారు.

జనం మల్సూర్‌ను చూశారు, తర్వాత కత్తి పట్టుకున్న మనిషిని చూశారు. అతను కత్తిని వీపు వెనక దాచుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ మొగుడి ముందుకొచ్చి నిలబడింది. "ఒక్కడు దగ్గరికొస్తే సూడుర్రి!"

మల్సూర్‌కు ఇవేవీ వినిపించడం లేదు. ఆ వణుకు తన ఒంట్లోనే పుట్టింది. ఐసు చల్లదనం తెలిసింది. కొమ్ములు చూడగానే పాత తుంటిలో లేచిన భయమూ తెలిసింది. ఆ రెంటి వెనక ఇంకెవరో రెక్క పట్టుకుని కుదిపినట్టు కూడా ఉంది. ఏది ఎంతో చెప్పలేకపోయాడు. మేకలకైతే నోరు లేదు, నోరుండీ తనకే తెలియడం లేదు. అయితే ఈ సంగతి అమ్మవారికి తెలుసు కదా, తాను తెలుసుకుని చేసేదేముంది అనిపించింది. చాలా ఏళ్లకు గొంతు తేలికైంది.

దుర్గయ్య జమిడిక కింద పెట్టాడు. "అమ్మ పోతును అడగలే. మల్సూర్‌నే అడిగింది." ఆడవాళ్లు గొల్లున ఏడుపందుకున్నారు. "ఆగుర్రి! మనిషిని అడిగితే తల గాదు, తలనీలాలు. మీసంతోని సహా. పోతును అమ్మ పేరు మీద ఇడిసిపెట్టాలె. బాకీ తీరినట్టే."

"మీసం గూడనా?" అన్నాడు మల్సూర్. అంతకుముందు దేనికీ అతని గొంతు అలా పలకలేదు.

"లేసి నడిసినవా, లేదా?" అంది లక్ష్మీనర్సమ్మ.

మల్సూర్ వెళ్లి మంగలి ముందు కూర్చున్నాడు. అవతల వంటాయన మిగిలిన అన్నంలోకి పప్పు ఎక్కించాడు. "కోదాడ నుంచి ఇంత దూరం వచ్చింది పప్పు తినడానికా, బావా?" అని జుట్టులోంచి మెతుకులు ఏరుకుంటూ సైదులు వాపోయాడు. హాలియా పోతును వెతకడానికి వెళ్లిన కుటుంబం ఇంకా తిరిగి రాలేదు.

పొద్దుగూకకముందే వెంట్రుకలు అమ్మవారి ముందుకు చేరాయి. లక్ష్మీనర్సమ్మ దీపం వెలిగించి, "తీరింది తల్లీ," అని నేలకు తల ఆనించి చాలాసేపు లేవలేదు. గుండుకు గంధం పూసుకుని మల్సూర్ గుడి అరుగు మీద కూర్చున్నాడు. తాడు విప్పిన పోతు ఎక్కడికీ పోలేదు. వెనక నుంచి వచ్చి, చల్లటి నాలుకతో ఆ గుండును మెడ దాకా నాకింది. దుర్గయ్య చూస్తున్నాడు, డప్పులవాళ్లు చూస్తున్నారు, కత్తి మనిషి కూడా ఇంకా అక్కడే ఉన్నాడు.

మల్సూర్ పళ్లు బిగించి, ఇసుమంత కూడా కదలకుండా కూర్చున్నాడు.